అతుకు దగ్గర నష్టం

గునుపురం దాటాక పద్మపురం రోడ్డు పక్కన
నడుములోతు గోతిలో, నల్లగొడుగు కింద
గాజు వెంట్రుకలు అతుకుతాను.
నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద...
పన్నెండు రంగులు, పన్నెండు పోగులు.
ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొస తెగ్గోసి
మిషను నోట్లో పెడితే
చిన్న మెరుపు.
తెర మీద అంకె పడుతుంది: నష్టం 0.02.
ఇంత నష్టం నష్టం కాదంటాడు ఇంజనీరు.
వెలుగుకి ఆ మాత్రం వదిలెయ్యాలట.

ఈ కేబులు కంపెనీకి నేనూ ఓనర్ని.
నవ్వకండి.
పదకొండు షేర్లున్నాయి.

కొనడం కన్నా పేరు కుదరడమే కష్టమైంది.
పాన్ కార్డులో బెవర సింహాచలం.
ఆధార్లో ఒడియా గుమస్తా రాసిన సిమాంచలో.
ఇద్దరూ ఒకడేనని
వంశధార వంతెన కాడ నోటరీ ముందు ఒట్టేసి చెప్పాకే
డీమ్యాట్ తలుపు తెరుచుకుంది.

ఏది కొనాలో ఎవడూ చెప్పలేదు.
నెలకి రెండు డ్రమ్ముల తీగ దిగే చోట
ఫైవ్‌జీ టవర్లని వారానికి నాలుగు దిగుతుంటే
దొర్లించిన నా చేతులకే తెలిసింది.
చెక్క మీద ముద్ర చూసి కంపెనీ పేరు కూడబలుక్కున్నాను.
నా ఫోనుకి మాత్రం ఆ కొత్త జీ ఎక్కదు.
ధర చూడాలంటే
మేం తవ్విన మట్టిగుట్ట మీదకే నేనెక్కాలి.

మొదటి డివిడెండు ఇరవై రెండు రూపాయలు.
నాకూ ఎలియా సబరోకీ రెండు టీలు, ఒక ఆకులో బరాలు.
"ఏటి సావుకారీ!" అన్నాడు ఎలియా.
వాళ్ళ కొండ మీద ఆ మాట ఉత్తినే అనరు.
చింతపండు తూకంలో వాళ్ళ తాత పోగొట్టుకున్నదంతా
అందులో ఉంటుంది.
నేను టీ ఊదుకున్నాను.

తరవాత సభ నోటీసు.
ఫలానా డైరెక్టరుగారిని మళ్ళీ నియమించవచ్చునా?
చేతిమట్టి ప్యాంటుకి తుడుచుకుని
గోతిలోంచే "అవును" నొక్కాను.
ఆయన పేరెలా పలకాలో ఇప్పటికీ తెలీదు.

కార్తీకంలో లెక్కలు చెప్పారు.
లాభం పెరిగింది. ఖర్చులు బిగించారట.
షేరు ఒక్కరోజే అరవై లేచింది.
అబద్ధమెందుకు, ఈల వేశాను.
రాత్రి దోమతెరలో తట్టింది.
కంపెనీ రాయగడ కాంట్రాక్టరుకి,
అతను కింది కాంట్రాక్టరుకి,
కిందివాడు మాకు
రేపిస్తాం, ఎల్లుండిస్తాం అంటూ రెండు నెలలు.
బిగించిన ఖర్చంటే
ఇంకేటి, మేమే.
లేచిన అరవైలో నా కడుపుది ఎంత, ఎలియా కడుపుది ఎంత
అని లెక్క వేస్తూ వేస్తూ నిద్రపోయాను.

పొద్దున్న పార మీద చేతులానించి అడిగాడు:
"కంపెనీ నీదే గదా. కూలీ ఇయ్యి."
వేళాకోళమే.
నాకు నవ్వు రాలేదు.

గుట్టెక్కి మూడు షేర్లు అమ్మాను.
డబ్బు పడ్డాక గునుపురం ఏటీఎంలో తీసి
ఆరు రోజుల కూలీ, రెండువేల నాలుగొందలు,
ఎలియా చేతిలో పెట్టాను.
కాగితం మీద సంతకం కూడా తీసుకున్నాను, ఓనర్ని కదా.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
"మరి బోనసో?" అన్నాడు.

ఎనిమిది మిగిలాయి.
అవి అమ్మను.
డ్రమ్ములు ఇంకా దిగుతున్నాయి, ధర పెరుగుద్ది, నాకు తెలుసు.
ఎందువల్ల పెరుగుద్దో కూడా తెలుసు,
అదే గొంతులో ముల్లు.

గొడుగు ఎండకి తిప్పి ఎర్రపోగు అందుకున్నాను.
మెరుపు.
0.01.
ఎలియా ఒంగి చూశాడు.
"బాగుందా?"
మిషనుకి బాగుంది, అన్నాను.