రెండో భాగంలో గౌరమ్మత్త

కోటవీధి మెట్ల కింద ఖాదర్ వలీ గేముల కొట్టు
హుద్‌హుద్ నాడు మునిగిపోయింది.
మా మొదటి భాగం అందులోనే పోయింది:
ఎనభై ఆరు జీవులు,
నూట పది గంటల ఆట,
ఉప్పునీళ్ళు తాగిన ఒక నల్ల డబ్బా.

ఎల్లాజీ ఏడవలేదు.
డబ్బాని చెవి దగ్గర ఊపి చూసి
"లోపలే ఉన్నాయే, ఈదతన్నాయి" అన్నాడు.

వాటికి నోరు తిరగని పేర్లుండేవి.
ఎల్లాజీ పిలిచే పేర్లు వేరు.
బుడగతల. మూడురెప్పలోడు. ఎండునెత్తలు.
వాన పడితే చాలు, యుద్ధం మధ్యలోనైనా
చతికిలబడి కూర్చునే లావుపాటి దానికి
వాళ్ళ మేనత్త పేరే పెట్టేశాడు, గౌరమ్మత్త అని.
దాన్ని నమ్ముకుని గెలిచినవాడు లేడు.
దాన్ని జట్టులోంచి తీసేసినవాడూ లేడు.

ఇన్నాళ్ళకి రెండో భాగం వచ్చింది.
సిరిపురంలో ఏసీ గది, మెత్తటి కుర్చీ,
గంటకి నూట ఇరవై.

కొత్తవి అరవై నాలుగు.
గాజురెక్కలవి, నిప్పు నమిలి ఆవిరి ఊసేవి,
తన నీడని తానే తరుముకునేది,
ఒకటైతే అచ్చం మన పోర్టు క్రేను ఆవులించినట్టే ఉంది.
అన్నీ ఒక్కసారే తెరమీదికొచ్చాయి,
ముహూర్తానికి ముందే దిగి
ముందువరస కుర్చీలన్నీ పట్టేసుకున్న మగపెళ్ళివారిలా.

నేను వెనక వరసల్లో వెతికాను.
మూడురెప్పలోడికి నాలుగో రెప్ప మొలిపించారు.
ఎండునెత్తలుకి విషం సగం తగ్గించారు,
కొత్తవాళ్ళు బతకాలి కదా మరి.
బుడగతల ఉంది గానీ
అంగట్లో గొడుగులమ్ముతోంది.
పలకరిస్తే రెండు వాక్యాలు చెప్పి
మళ్ళీ మొదటి వాక్యానికొచ్చింది.

ఎల్లాజీ ఇప్పుడు బోటు మీద పోతాడు.
పది రోజులు నీటిమీద, నాలుగు రోజులు నేలమీద.
ఆ నాలుగింట్లో ఒక సాయంత్రం వచ్చి
నా పక్కన కూర్చున్నాడు, గోళ్ళలో డీజిలు నలుపుతో.

మొన్న వలలో ఏదో పడిందట.
చందువా కాదు, కోనెం కాదు,
వీపు మీద ముల్లు, పొట్ట మీద నీలం చుక్కలు.
సరంగుకి కూడా తెలీదట.
"మరేం చేశారు?"
"ఏటి సేత్తాం, సందువాల బుట్టలోనే ఏసీసినాం.
ఏలంపాటలో ఓ ముసిల్ది ముందు దాన్నే ఏరుకుంది.
పేరేటని అడిగితే
పులుసులో దిగినాక సెప్తానంది."

మ్యాపు చివర, ఎవరూ రాని బురద ఒడ్డున
ఆటలో వాన మొదలైంది.
ఏదో చతికిలబడింది.
రంగు మారింది, బొచ్చులో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు,
కానీ ఆ కూర్చోవడం!
ఎల్లాజీ లేచి నిలబడ్డాడు.

దానికి మేం గుర్తులేం.
తలమీద లెవెల్ మూడు అని రాసుంది.
మా నూట పది గంటలు
దాని కళ్ళలో ఎక్కడా లేవు.
తెర అడుగుతోంది:
పట్టాలా, పోరాడాలా, పారిపోవాలా.

ఎల్లాజీ జాయ్‌స్టిక్ కింద పెట్టేశాడు.
మా గంటలో ఇంకా పదకొండు నిమిషాలుంది.

అంతలో క్రేను జంతువు ఒకటి
ఆవులించుకుంటూ అటొచ్చింది.
వానలో కాసేపు తచ్చాడి
వెళ్ళి అత్త పక్కన కూలబడింది.

"దీనికింకా పేరు పెట్టలేదు కదరా" అన్నాను.

"ఉండనీయే. పక్కన కూకుంది గదా,
అత్తే ఎడతాది."