తొమ్మిది రోజులు, ఇద్దరు మనుషులు

రూవీలో, గడియార స్తంభం వెనక సందులో
మా ట్రావెల్ ఆఫీసు.
ఏసీ కింద బకెట్టు, బకెట్టు పక్కన నేను.
మే నెల. అద్దం మీద చెయ్యి పెడితే
చెయ్యి వెనక్కొచ్చేస్తుంది.

గ్రెగ్ వచ్చాడు, భార్య మోయ్‌రాతో.
ఇరవయ్యారేళ్లు ఎడారిలో చమురు బావుల దగ్గర చేసి
వచ్చే నెల రిటైరవుతున్నాడు.
"చెట్లు చూడాలి," అన్నాడు,
"మెడ నొప్పెట్టేంత ఎత్తైనవి."
తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని
గొంతు తగ్గించి ఇంకో మాటన్నాడు.

ఆ మాట నేను టైపు చెయ్యలేదు.
ఈ ఊళ్లో ఆ మాటకి
ముందు జైలు, తర్వాత విమానం.
'తోటల సందర్శన' అని కొట్టాను.
మోయ్‌రా నవ్వింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు,
రాత్రిళ్లు నిద్ర పట్టదట.

మొదటి రోజు: శాన్ ఫ్రాన్సిస్కో, అద్దె కారు, వంతెన.
రెండో రోజు: ఉత్తరానికి, ద్రాక్ష తోటల మీదుగా.
మూడో రోజు: రెడ్‌వుడ్ అడవి.
(ఎర్రచందనం కాదు. అది మనవైపు వేరే కేసు.)
కాండం మధ్యలోంచి కారు పోయే చెట్టు ఒకటుంది,
అద్దాలు మడుచుకుని నెమ్మదిగా పోనివ్వాలి.
మధ్యాహ్నం: తోట.
రైతే దగ్గరుండి చూపిస్తాడు,
ఏ మొగ్గ ఏ నెలలో, ఏ ఆకుది ఏ వాసన.
కొట్లో వయసు చూస్తారు, తూకం వేస్తారు,
పన్ను కలిపి
బిల్లిస్తారు.

బిల్లు.

నర్సీపట్నం నించి పైకెళ్తే లంబసింగి ఘాటు.
శీతాకాలం తెల్లారగట్ల
ముందు లారీ ఎర్రలైటు కూడా కనపడని మంచు.
సిల్వర్ ఓకుల మీద మిరియాల తీగెలు, కింద కాఫీ.
జీపు ఆగిపోయిన చోటు నించి రెండు కొండలు దాటితే
పాంగి లింగన్న పొలం.
హాస్టల్లో నాతో ఒక్క కంచంలో తిన్నవాడు.
రాజ్‌మా ధర పడిపోయిన ఏడు
ఎవడో కిందనించొచ్చి విత్తనాలిచ్చాడు, అడ్వాన్సిచ్చాడు,
కోత అయ్యాక మొయ్యడానికీ నువ్వే రా అన్నాడు.
చెక్‌పోస్టు దగ్గర లింగన్న దొరికాడు.
ఆ ఎవడో దొరకలేదు.
అక్కడా తూకం వేశారు.
ఇరవై రెండు కిలోల నాలుగొందల గ్రాములు,
పంచనామాలో అక్షరాల్లో కూడా రాశారు.
పదేళ్లు.
వాడసలు కాల్చేవాడు కాదు. పొగ పడదు, దగ్గు.

నాలుగో రోజు గడి నేనే ఖాళీగా వదిలాను.
"ఇక్కడేం లేదేం?" అన్నాడు గ్రెగ్.
"పొద్దున్నే మంచుంటుంది సార్. కారు దిగి కాసేపు నిలబడండి.
ఆ చెట్లు మంచుని తాగుతాయంట."
"నువ్వు వెళ్లావా?"
"లేదు సార్. మంచు తెలుసు."

ఐదు నించి ఎనిమిది దాకా సముద్రం పక్కనే.
తొమ్మిది, తిరుగు విమానం, మస్కట్‌కే.
సామాను ఇంకా ఇక్కడే ఉంది కదా వాళ్లది.
ఆఖరి పేజీ అడుగున ఎర్ర అక్షరాల్లో కొట్టాను:
జేబులు, బూట్లు, సంచి మూలలు రెండుసార్లు దులపాలి.
ఒక్క గింజ కూడా వెంట రాకూడదు.
మోయ్‌రా ఈసారి నవ్వలేదు.

సజీవన్ సగం షట్టరు దించి వెళ్లిపోయాడు.
హోటలు బుకింగ్ మిగిలింది.
ఎంతమంది? అని అడిగింది కంప్యూటరు.
రెండు.
ఎందుకో బాణం పైకి నొక్కాను. మూడు.
మంచం ఒకటి పెరిగింది, అద్దె పెరిగింది.
మూడో మనిషి పేరు, అంది, పాస్‌పోర్టులో ఉన్నట్టుగా.
వాడికున్న నంబరు వేరే.
గీత కాసేపు మినుకుమంది.
మళ్లీ రెండు చేశాను.

బకెట్టు నిండింది.
షట్టరు కింద నించి వంగి బయటికొచ్చి
ఫుట్‌పాత్ మీది వేపచెట్టు మొదట్లో పోశాను.
రాత్రి పదైనా మట్టి ఇంకా కాలుతూనే ఉంది.
చుర్రుమంది. ఆవిరి కాస్త లేచింది,
మోకాలి దాకా.