ఎడమకాలి బరువు

రాత్రి రెండో జాము దాటినంక పిలువనంపిండ్రు.
ఆకురాయి తెచ్చుకో అన్నరు. కుంపటి వద్దన్నరు.
ఓరుగల్లు మట్టికోట తూర్పు వాకిట్ల
కావలోడు నా సంచి తడిమి
సుత్తె మాత్రం తన దగ్గర ఉంచుకున్నడు.

సూరపోత నాయకుడు బురుజు మెట్ల మీద కూసున్నడు,
ఎడమకాలు ఇత్తడి తాంబాళంల పెట్టి.
ఆముదం పూసిండ్రు. కుంకుడు నురగ పోసిండ్రు.
ఇద్దరు బంట్లు గుంజి గుంజి అలిసిపోయిండ్రు.
గండపెండేరం చీలమండ దాటుత లేదు.

"మారోజూ, ఎక్కించింది నువ్వే గద,
దించే పని గూడ నీదే."

పద్దెనిమిదేండ్ల కింద
కొలువంత లేచి నిలబడంగ
రాజు తన చేతులతోని ఇచ్చిన పెండేరమది,
గోదావరి అవతలి దండును రేవుల్నే ఆపినందుకు.
అప్పటికి రాజుకు మీసం గూడ సరిగ రాలేదు.
నాయకుని కాలు జొన్నదంటు లెక్క ఉండె.

ఇప్పుడది నీరు పట్టి ఉబ్బింది.
వాన మొకం చూడక మూడేండ్లాయె.
మంథెన దిక్కు ఊర్లు ముందుగాల ఎడ్లను అమ్ముకున్నయి,
అటెన్క బండ్లను,
అటెన్క విత్తనపు గింజను.
రాజు రాయసం పంపిండు:
అరి సగమన్న కట్టు, లేదంటె నీ నూరు గుర్రాలు దించు.
నాయకుడు గుర్రాలు పంపలేదు, అరి అడగలేదు.
తన కావలిల ఉన్న రాజుగారి గాదె తలుపు తీసి
తూముకు తూము కొలిచి పంచిండు.
ఎవరికెంతనో తాటాకు మీద రాయించి
ఆ కట్టనే అరికి బదులు పంపిండు.

అండ్ల తప్పు లెక్క ఒక్కటి లేదట.
రాజుకు కోపం అందుకే వచ్చిందంటరు.

రెండో రాయసంల ఒకటే మాట:
గాదె నింపు, లేదా పెండేరం తెచ్చి గద్దె ముందట పెట్టు.

"పెట్టేద్దామనే చూస్తున్న," నాయకుడు నవ్విండు,
"కాలే ఒప్పుకుంట లేదు."

ఆకురాయి పెట్టిన.
ఆ గీరుడుకు కందకం అవతల నక్కలు కూత ఆపినయి.
నా చేతులు వణుకుతుంటె ముసలితనం అనుకున్నరేమో.
పద్దెనిమిదేండ్లు పెండ్లానికి గూడ చెప్పని సంగతొకటి
నా వేళ్ళకు ఎరుక.

బంగారు రేకు తెగింది.
తాంబాళంల ఎర్రటి పొడి రాలింది.
లక్క.

ఆ యేడు బొక్కసంల బంగారం తక్కువుండె.
పైన రేకు వెయ్, లోపల నింపు అని
ఒక పెద్దమనిషి నా చెవుల చెప్పిండు.
పేరు చెప్ప. ఎప్పుడో కాలిపోయిండు.

నేను తలెత్తలేదు.
మెడ మీద కత్తి సల్లదనం కోసం చూసుకుంట ఉన్న.
నాయకుడు వంగి, పొడిని వేలికి అద్దుకొని, దీపానికి చూపి,
"ఎంత?" అన్నడు.
"సగం, అయ్యా."
"సగం కంటె ఎక్కువనే.
మోసినోని కాలికి తెల్వదా, మారోజూ."

మొదటి రాత్రే తెలిసిందట.
మరి ఇన్నేండ్లు ఎందుకు, అని అడగబోయిన,
అడగలే.
చాలసేపటికి ఆయనే అన్నడు:
"పిల్లగాడు. ఇచ్చేటప్పుడు
రెండు చేతులతోని పట్టుకున్నడు,
బరువున్నట్టు."

తెల్లారక ముందే, గుర్రమెక్కకుండ,
తెగిన పెండేరం పంచె కొంగుల ముడేసుకొని
గద్దె దిక్కు నడిచిపోయిండు.
అడుగడుగుకు ఎడమకాలు
కావలసిన దాని కంటె కొంచెం ఎత్తు లేస్తుండె.

కొలువుల ఏం జరిగిందో నేను చూడలే.
చెప్పేటోళ్ళు నాలుగు తీర్ల చెప్తరు.

మూడోనాడు బొక్కసం మనిషి నా ఇంటికొచ్చి
తూకం తక్కువున్నది, రాలిన పొడి ఏది అన్నడు.
ఊడ్చి పారేసిన అన్న.

గూట్ల ఉన్నది, చిన్న ముంతల.
బంగారం వేరు చేద్దామని రెండుసార్లు కుంపటి ముట్టించిన.
రెండుసార్లు ఆర్పిన.