శేషం

మిర్యాలగూడలో రైలు గేటు అవతల మా మిల్లు.
బెల్టు తెగి ఆగిన రాత్రి
బస్తాల మీటరు మీద నిలబడిపోయింది అంకె:
పది లక్షల మూడు.

పది లక్షలకు కొబ్బరికాయ కొడదామనుకున్నడు సేటు.
మైసూరుపాకు డబ్బా సుత తెప్పించి పెట్టిండు.
ఎవ్వరి చూపూ పడకముందే
మూడు బస్తాలు దాటిపోయినయి.
పది లక్షల మూడుకు ఎవడు కొడతడు కొబ్బరికాయ?

ముందర ఒకటి, వెనక మూడు,
నడుమ ఐదు సున్నాలు,
సిగ్నల్ కోసం ఆగిన గూడ్సులో
ఖాళీ వ్యాగన్ల తీరు.

నేను నైట్ డ్యూటీ గుమస్తాను.
మిల్లు నడవని రాత్రి శానా పొడుగు.
గేట్‌పాసుల వెనకవైపు, పెన్సిల్ ముక్కతో
దాన్ని పగలగొట్టుడు మొదలుపెట్టిన.

రెండుకు లొంగలే. ఐదుకు లొంగలే.
మూడుకు ఒకటి మిగిలింది.
ఏడుతో భాగిస్తే మిగిలింది నాలుగు.
పదకొండుతో, నాలుగు.
సైదులు మేస్త్రి ముఠాలో పదమూడు మంది గదా,
పదమూడుతో చూద్దామంటే
మళ్ల నాలుగే.
చెయ్యి తప్పిందేమోనని చాయ్ తాగొచ్చి మళ్ల చేసిన.
నాలుగే.

ఆఖరుకు తెలివికొచ్చింది:
ఆ నాలుగు తీసేస్తే మిగిలేది
వరుసగా ఆరు తొమ్మిదులు.
ఏడూ పదకొండూ పదమూడూ
ఆ తొమ్మిదుల ఇంట్ల పుట్టినయే.

పదిహేడుకు పన్నెండు.
పందొమ్మిదికి పద్నాలుగు.
వెయ్యి దాకా చూస్తే చాలు,
వెయ్యి వెయ్యిలు పది లక్షలు గదా,
అవతల పెద్దది దొరికితే
దాని జత ఇవతలనే దొరకాలె.
వెయ్యి లోపల చీలని అంకెలు నూట అరవై ఎనిమిది.
రాత్రికి పన్నెండు చొప్పున
పద్నాలుగు రాత్రులు.

"రెండు చదరాల నెట్లు కట్టినా సరిపోవా?"
అడిగిండు సైదులు, బీడీ ఆర్పుకుంట.
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఎట్లన్న సరే.
సరిపోవు. నాలుగుతో భాగిస్తే మూడు మిగిలే అంకె
రెండు చదరాల్లో ఎన్నడూ ఇమడదు.
ఆయన నమ్మలే.
నలభై ఏండ్లు నెట్లు కట్టినోడు ఎట్ల నమ్ముతడు?

ఆఖరి రాత్రి తొమ్మిది వందల తొంభై ఏడు.
మిగిలింది పన్నెండు.
అయిపోయింది.
ఒకటి, తాను. ఇంకెవ్వరూ లేరు దానికి.

బెల్టు కింద రాలిన గింజలు
చాటలోకి ఊడుస్తున్నది సైదమ్మ.
"ఏం తేలిందయ్యా ఇన్ని రాత్రులకు?"
"ఎంత మందికి పంచినా సమంగ రాదు సైదమ్మా,
ఎంతో కొంత మిగులుతది."
"గంతేనా," అని చాట చెరిగింది.
"మీ పంపకాలల్ల మిగల్లేదంటే
నేను ఎట్ల బతుకుదును?"

అప్పుశేషం, నిప్పుశేషం ఉంచొద్దంటరు పెద్దలు.
గింజశేషం మాట ఎవ్వరూ చెప్పలే.

తెల్లారి కొత్త బెల్టు ఎక్కించిండ్రు.
మొదటి బస్తా దాటంగనే పది లక్షల నాలుగు:
అడిగిందే తడవు రెండుగ చీలింది, నాలుగుగ చీలింది.
నా గేట్‌పాసులు ఒక్కొక్కటే చింపి
లారీ డ్రైవర్ల చేతుల పెట్టిన.
ముందర బియ్యం లెక్క,
వెనక తెగని భాగహారం,
దామరచర్ల దిక్కు కొన్ని, హాలియా దిక్కు కొన్ని
పోయినయి.