రసమట్టం

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
విప్పి చూడమని ఎవరూ అనలేదు.
నేను విప్పుతున్నాను, మార్చి నుంచీ,
శని ఆదివారాలు, సెలవు పెట్టిన మంగళవారాలు,
బ్రిటనీలో, సముద్రం వినపడదు గానీ
పెదవికి ఉప్పు తగిలేంత దూరంలో.

బయట బూడిదరంగు రాతిగోడలు, పలకరాతి కప్పు.
లోపల మాత్రం ఎప్పటిదో డెబ్బైల నాటి ముస్తాబు:
ఆవపిండి రంగు టైల్స్,
గోడల నిండా నారింజ పూల కాగితం,
స్నానాలగదిలో పచ్చిబఠానీ రంగు తొట్టి,
దూలాలు కనపడకుండా తెల్లటి ప్లాస్టిక్ పలకలు,
చుట్టాల ముందు పన్ను ఊడినావిడ
చెయ్యడ్డం పెట్టుకుని నవ్వినట్టు.

కాగితం తడిపి గీకితే
కింద నీలిచారలు, వాటి కింద ఓడబొమ్మలు,
ఓడల కింద సున్నం,
సున్నం కింద చెమ్మ.
అందరూ పోయారు గానీ చెమ్మ మాత్రం
పాత అద్దెమనిషిలా
ఖాళీ చేయనంటుంది.

నాకు రాని పని ఇది.
తపాలా ఆఫీసులో రాత్రిపూట ఉత్తరాలు ఏరే చేతులివి.
మొదటి నెల సుత్తికి నా బొటనవేలే మేకు.
రెండో నెల తాపీ కాస్త మాట వింది.
మూడో నెల గొట్టం పగిలి వంటగది మడుగైతే
పక్కింటి తాంగి రబ్బరు బూట్లతో వచ్చి
ఏమీ అనకుండా నీళ్లు కట్టేసి,
ఏమీ అనకుండా నా కాఫీ తాగి వెళ్లాడు.
ఎనభై రెండేళ్లు. మాటలు మహా పొదుపు.

అసలు గొడవంతా నేలతోనే.
గోలీ వదిలితే కిటికీ దగ్గర్నుంచి పొయ్యి దాకా
దారి తెలిసినదానిలా పోయేది.
రసమట్టం పెడితే బుడగ
ఓ మూలకి పారిపోయి నక్కేది.
టైల్స్ పెకలించాను. మట్టి తవ్వాను.
ఇసుక, సిమెంటు, దారప్పోగు, బద్ద,
మోకాళ్ల మీద పదకొండు రోజులు.
పన్నెండో రోజు బుడగ
నడిమధ్యకొచ్చి ఆగింది.
కదల్లేదు. నేనూ కదల్లేదు కాసేపు.

ఇంటితో పాటే నా కొనుగోలులో వచ్చిన ఓక్ బల్ల
కొట్టంలో దుప్పటి కింద ఉంటే
తాంగీ నేనూ మోసుకొచ్చి దించాం.
కుంటింది.
పెన్సిలు పెడితే దొర్లి పడింది.
కొలిచాను. నాలుగు కాళ్లు, నాలుగు పొడవులు.
విరిగినవి కావు, పుచ్చినవి కావు,
ఎవరో రంపం పట్టి, ఓపిగ్గా,
నేలని అడిగి అడిగి కోసినవి.

తాంగి టోపీ తీశాడు.
"సువాజిక్ పని," అన్నాడు.
"మొగుడు ట్యూనా పడవెక్కిన ఏడాది.
గిన్నెలో సూప్ ఒక పక్కకే ఒలుకుతోందని.
నేల మార్చాలంటే డబ్బేది? బల్లని మార్చింది.
రంపం నాదే. తిరిగి ఇవ్వలేదు."
అన్ని మాటలు ఒక్కసారి ఆయన నోట వినడం
అదే మొదలు.

అప్పుడు తెలిసింది చూడటం.
అలమర కింద ఒక వైపే ఉన్న చెక్కముక్క,
తలుపు అడుగున ఏటవాలు కోత,
వంకరగా ఉన్నాయని నేను పీకి
పొయ్యిలో పెట్టిన మూడు అరలు.
వంకర కాదవి. ఆ నేలకి తిన్ననివి.
ఆవిడ నలభై ఏళ్లు కుదుర్చుకున్న ఇంట్లో
ఇప్పుడు పొందిక లేనిది
నా నేల ఒక్కటే.

కాళ్లు మళ్లీ కొయ్యడానికి చెయ్యి రాలేదు.
నారింజ పూల కాగితం మిగిలితే
మడతలు పెట్టాను, ఒక కాలికి నాలుగు, ఒక కాలికి తొమ్మిది,
ఇంకోదానికి ఊరికే ఒక పొర.
సూప్ అంచుదాకా పోశాను.
తాంగి చెంచా ముట్టకుండా
చాలాసేపు గిన్నెనే చూశాడు.

వచ్చే వారం స్నానాలగది.
కొత్త తొట్టి తెల్లనిది, బేరం కుదిరింది,
బండి కూడా మాట్లాడాను.
పొద్దున్న ఫోన్ చేసి వద్దన్నాను.
ఆ బఠానీ రంగు ఎందుకో
నాకింకా తెలియలేదు.