ఏ కోవకూ రానివి

ఫారం మొదటి ప్రశ్నే నన్ను ఇరుకున పెట్టింది:
అభ్యర్థి మీకు ఎంతకాలంగా, ఏ హోదాలో తెలుసు?

మూడేళ్ళ రెండు నెలలు.
గులూ ఊళ్ళో, ఇనుప సామాన్ల కొట్టు పైన మేడలో
నలభై కంప్యూటర్లున్న గది.
ఆమెది నాలుగో వరస, కిటికీ పక్క కుర్చీ.
నేను షిఫ్ట్ సూపర్‌వైజర్ని.
ఆమె గీసిన గళ్ళు లెక్కపెట్టడం నా ఉద్యోగం.

ఎక్కడెక్కడి వీధులో వచ్చేవి మా తెరల మీదికి,
మంచు పడ్డవి, మాలో ఎవరూ నడవనివి.
మనిషి చుట్టూ ఒక గడి. కారు చుట్టూ ఒక గడి.
కుక్క చుట్టూ ఒకటి, దాని మెడతాడు వదిలేసి.
గంటకి నూట ఎనభై గీస్తే పూర్తి కూలి.
లన్యేరో నూట పది దగ్గరే ఉండేది,
బొమ్మని చూస్తూ కూచునేది మరి.

ఒకసారి, పొరపాటునో ఏమో, మా రోడ్లే వచ్చాయి.
ఎర్రమట్టి, బోడా బళ్ళు, మొక్కజొన్న పొత్తుల పొగ.
"అరె, ఇది ఆసుపత్రి మలుపు కదూ!" గదంతా కేకలు.
కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఒకామె నడుస్తోంది.
యంత్రం ముందే ఊహించి రాసుకుంది: చెట్టు.
బోడా మీద అడ్డంగా పట్టుకుపోతున్న కొత్త తలుపు.
యంత్రం: ప్రవేశద్వారం.
మేం నవ్వుకుని, సరే అని నొక్కి, ముందుకి పోయాం.
ఆమె నవ్వలేదు. కింద ఖాళీలో రాసింది:
"ఈ చెట్టుకి చెప్పులున్నాయి.
ఉన్న కోవల్లో దేనికీ రాదు. కొత్తది కావాలి."

క్లయింటు బ్యాచ్ మొత్తం తిప్పికొట్టాడు.
ఆ నెల ఆమె కూలిలో కోత పెట్టింది నేనే.
ముప్పై ఒక్క వేల షిల్లింగులు.
ఇది ఫారంలో ఎక్కడ రాయాలో తెలీలేదు.

పరిశోధనానుభవం?
ఓ నోటుబుక్కుంది ఆమె దగ్గర,
బడిపిల్లలది, వెనక అట్ట మీద ఎక్కాలున్నది.
తేదీ వేసి మరీ రాసుకుంది:
గొడుగులమ్మేవాడు. గొడుగులు పద్నాలుగు, మనిషి సున్నా.
వానకి అరటాకు కప్పుకున్న పిల్లాడు. మొక్క.
తల్లి వీపున బిడ్డ. ఒక గడా, రెండా?
ఎవర్నడిగినా చెప్పలేదు.
అలా నూట నలభై పేజీలు.
"ఇది పరిశోధనేనా సార్?" అంది ఓ మధ్యాహ్నం
చిక్కుడుగింజల గిన్నె మూత తీస్తూ.
నాకేం తెలుసు, డిప్లొమా దగ్గర ఆగినవాణ్ణి.

ఇప్పుడు ఆ మంచు వీధుల్లోనే ఎక్కడో, కెనడాలో,
యంత్రాలకి చూపు నేర్పే చదువుకి దరఖాస్తు పెడుతోంది.
రుసుము డెబ్బై అయిదు డాలర్లు.
గళ్ళలో చెప్పాలంటే తొమ్మిది వేలు.
ఉద్యోగం ఉంది కనక మినహాయింపు లేదన్నారు.
వాళ్ళతో గీచి గీచి బేరమాడింది, మూడు ఉత్తరాలు.
చివరికి సైకిలు అమ్మింది.

ఆఖరి ప్రశ్నకి గళ్ళు వాళ్ళే గీసి పెట్టారు:
మీరెరిగినవారిలో ఈమె స్థానం?
పై ఒక శాతం. పై అయిదు. పై పది. సగటు.
సగటుకి తక్కువ.

వేగంలో ఆమె నలభైమందిలో ముప్పై ఏడు.
ఆ కాగితం మీదా నా సంతకమే.
కరెంటు పోయింది. జనరేటరు దగ్గి దగ్గి అందుకుంది.
గళ్ళు అలాగే వదిలేసి ఉత్తరంలోకి వెళ్ళాను:

"ఈమె నెమ్మది. ఆ నెమ్మదికి నేను జరిమానా వేశాను.
మిగతావాళ్ళం త్వరగా గీసిన గళ్ళతోనే
మీ కార్లు ఇప్పుడు రోడ్డు చూస్తున్నాయి.
మీ వీధిలో ఎవరైనా తలుపు మోసుకుపోతుంటే
దయచేసి ఈమెని పిలిచి అడగండి."

పంపేశాక భయం వేసింది. ఎక్కువ రాశానా?
గడి ఖాళీగా వదిలితే అసలు చదువుతారా?

తెల్లవారుజామున ఆమె నంబరుకి ఫోన్లోంచే
ముప్పై ఒక్క వేలు పంపాను. మాటేమీ జతచేయలేదు.
ఆరున్నరకి మెసేజ్ వచ్చింది:
"సార్, ఇదేమిటి? దేని కింద రాసుకోను?"

ఏమని చెప్పను, ఇంకా టైపు చేస్తూనే ఉన్నాను.
మెట్ల మీద చెప్పుల చప్పుడు.
ఏడింటి షిఫ్టు.