బొట్టుబిళ్ల

క్లీనరు సీట్లో కూర్చున్నాను.
ఒళ్లో అట్ట, అట్ట మీద ఫారం,
మెడలో వేలాడే స్టాప్‌వాచీ.
ఫారంలో ఆయన పేరు లేదు, 'ఏడో డ్రైవరు' అని ఉంది.
పేరు మొల్లి ఎర్రయ్య. ఊరు పెదగంట్యాడ.
ఇరవై తొమ్మిదేళ్లుగా బొగ్గూ ఎరువూ ఇనుపరజనూ
పోర్టులోంచి బయటికి మోస్తున్నాడు.

స్టీరింగు పక్కన కొత్త తెర.
పలకంత ఉంది, పలకలాగే నల్లగా.
మొదటి పని: దారి మార్పుని అంగీకరించాలి.
ఎర్రయ్య చూపుడువేలు ఆనించాడు. తెర ఉలకలేదు.
మళ్లీ ఆనించాడు.
తాళ్లు బిగించి బిగించి, టార్పాలిను లాగి లాగి
గీతలు చెరిగి కాయకట్టిన వేలు.
అద్దానికి అది వేలని తోచలేదు.
మెటికతో తట్టాడు, తలుపు కొట్టినట్టు.
"ఇంట్లో ఎవులూ నేరనుకుంటానమ్మా."

ప్రయత్నాలు ఆరు. ఫలితం: వైఫల్యం.
ఎవరి వైఫల్యమో రాయడానికి ఫారంలో గడి లేదు.

షీలానగర్ దాటాక
చూపు రోడ్డు మీంచి తెర మీదికి పోయి
మళ్లీ రోడ్డు మీదికి వచ్చేసరికి నాలుగు సెకన్లు.
నలభై వేగంలో అది నలభై నాలుగు మీటర్లు.
ఆ నలభై నాలుగు మీటర్లలో
ఒక ఆటో అడ్డం తిరిగింది,
తలమీద చేపల తట్టతో దాటబోయి ఒకావిడ ఎందుకో ఆగింది,
యూనిఫాం పిల్లాడొకడు ఊడిన సైకిలు గొలుసు మీదికి వంగి ఉన్నాడు.
తమని ఎవరూ చూడలేదని వాళ్లకి తెలీదు.
నా మెడలో గడియారానికి తెలుసు.

అప్పుడే తెర పలికింది:
"విరామ సమయము సమీపించుచున్నది."
ఎర్రయ్య బ్రేకు మీద కాలేశాడు.
"ఎవులు పోయారమ్మా?"
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మధ్యాహ్నం కాన్వెంట్ జంక్షన్ దగ్గర, కదలని బళ్ల వరసలో,
ఎండ నేరుగా తెర మీద పడింది.
మ్యాపు పోయింది, బాణం పోయింది,
ఎర్రయ్య మొహం ఒక్కటే మిగిలింది.
జేబులోంచి దువ్వెన తీసి మీసం దువ్వుకున్నాడు.
"ఈ పనొక్కటీ దీనికి బాగా వొచ్చు."

ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యమన్నాను.
అన్నిటికీ మూడే వేశాడు.
"ఒకటేస్తే నీ ఉజ్జోగానికి దెబ్బ,
అయిదేస్తే నా కళ్లకి దెబ్బ.
మూడుకి ఎవులికీ కోపం రాదు."

నెల తర్వాత మళ్లీ అదే సీటు, అదే ఫారం.
ఈసారి మొదటి పనికి ఒక్క సెకను.
కళ్లు రోడ్డు మీంచి కదల్లేదు.
నమ్మలేక వంగి చూశాను.
'అంగీకరించు' పక్కనే, అంచున,
మెరూన్ రంగు బొట్టుబిళ్ల.
ఇంట్లో అద్దానికి బంగారమ్మ అంటించి మరిచిపోయింది తెచ్చాడట.
చిటికెనవేలికింకా కాయకట్టలేదు.
అది ముందు బిళ్లని తడుముకుని
ఆ పక్కన నొక్కుతుంది.
"సీకట్లో కూడా దొరుకుతాదమ్మా."

రిపోర్టులో రెండు పేజీలు రాశాను, బొమ్మ కూడా గీశాను.
పైనుంచి ఒక్క వాక్యం వచ్చింది:
తెరపై గల అన్యపదార్థములను తొలగించవలెను.

ఆ శుక్రవారం కొత్త వెర్షను దిగింది.
కుడివైపు గడి ఎడమకి పోయింది,
ఆకుపచ్చ నీలమైంది.
అందంగానే ఉంది, కాదనను.
గంగవరం గేటు ముందు, రాత్రి పదిన్నరకి,
చిటికెనవేలు అలవాటుగా బిళ్లని తడిమి
పక్కన నొక్కింది.
అక్కడిప్పుడు 'తిరస్కరించు' ఉంది.

గేటు లేవలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి.
ఎర్రయ్య గోటితో బిళ్ల అంచు లేపాడు.
లైటు కింద పెట్టి జిగురు చూసుకున్నాడు, ఇంకా ఉంది.
ఎడమవైపు అంటించబోతూ ఆగి
నావైపు తిరిగాడు.
"ఈడ ఎన్నాళ్లుంటాదమ్మా?"

ప్రశ్నలు అడగాల్సింది నేను.
స్టాప్‌వాచీ ఆపడం మరిచిపోయాను.